ముగ్గురూ అదే వెదురు కొంటుంటే మూడు టెండర్లు ఎందుకు?

కాక్స్‌బజార్ శరణార్థి శిబిరాల్లో నేను సామాన్ల కొనుగోలు పని చేశానని పోయిన సంచికలో ఒక జవాబులో మాటవరసకి అన్నాను, అంతే, ఈ నెల ఉత్తరాలన్నీ దాని చుట్టూనే. నాలుగు తీసుకున్నాను. మొదటి జవాబు చాలా పెద్దదైంది, కానీ కుదించబుద్ధి కాలేదు, ఆ అమ్మాయి ఇవాళ అదే కుర్చీలో కూర్చుని అదే ఇబ్బంది పడుతోంది.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది విజయనగరం. ఆర్నెల్ల క్రితం బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్‌లో ఒక ఐక్యరాజ్యసమితి సంస్థలో ప్రొక్యూర్‌మెంట్‌లో చేరాను. ఇక్కడ మాతో పాటు ఇంకో రెండు సంస్థలు కూడా వెదురు, టార్పాలిన్లు, తాళ్లు అవే వ్యాపారుల దగ్గర కొంటాయి, ఎవరి టెండర్ వాళ్లదే. కలిసి కొందాం సార్ అంటే మా సార్ "వాళ్ల రూల్స్ వేరు మన రూల్స్ వేరు, రేపు ఆడిట్‌లో ఇరుక్కుంటాం" అంటున్నారు. నిజంగా కుదరదా? కుదిరితే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కుదురుతుంది చెల్లీ. మీ సార్ భయం ఉత్తి భయం అని నేననను, ఆడిట్ వాళ్ల ముందు కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది అది, కానీ దానికి దారి ఉంది. ముందు నేను చూసింది ఒకటి చెప్తాను.

ఆ శిబిరాల్లో ఇళ్లన్నీ వెదురూ టార్పాలినే, నువ్వు రోజూ చూస్తూనే ఉంటావు. 2017 ఆగస్టు 25 తర్వాత కొన్ని నెలల్లోనే 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి సరిహద్దు దాటి వచ్చారు, అంతమందికీ ఒకేసారి గుడిసెలు వేయాలంటే దొరికిన బొంగు దొరికినట్టు కొనేశారు, పచ్చిదా ముదురుదా అని చూసే టైమ్ ఎవరికుంది. పచ్చి బొంగుకి పుచ్చు పడుతుంది, అక్కడ దాన్ని ఘూన్ అంటారు. నేను వెళ్లిన కొత్తలో ఒక గుడిసెలోకి వెళ్తే ఆ ఇంటి పెద్దావిడ నన్ను లోపలికి పిలిచి, ఏమీ మాట్లాడకుండా నిట్రాటని అరచేత్తో ఒక్కసారి కొట్టింది, పైనుంచి బియ్యప్పిండిలా తెల్లగా రాలింది, కింద పరిచిన చాప మీద, పడుకున్న పిల్లాడి జుట్టులో. ఏడాది క్రితం వేసిన నిట్రాడ అది. బయట నుంచి చూస్తే నున్నగా పసుపు రంగులో బాగానే ఉంది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది.

ఆ తర్వాత మేం రూల్ పెట్టుకున్నాం, మూడేళ్లకి తక్కువ వయసున్న బొంగు తీసుకోకూడదు, మొదలు దగ్గర ఇంత మందం ఉండాలి, కన్నాలు కనిపిస్తే లోడు మొత్తం వెనక్కి. ఒకరోజు పొద్దున ఒక లారీ వచ్చింది, మా స్టోర్ కీపర్ పది బొంగులు తీసి చూస్తే నాలుగింటికి పుచ్చు ఉంది, వెనక్కి పంపేశాడు. సాయంత్రం నేను వేరే పని మీద పక్క సంస్థ గోడౌన్‌కి వెళ్తే అదే లారీ, అదే నంబరు, అక్కడ దించుతున్నారు. వాళ్ల తప్పు కూడా కాదు, వాళ్ల కాగితంలో వెదురు ఎన్ని అడుగులుండాలో రాసుంది కానీ వయసు గురించి ముక్క లేదు. మనం వద్దన్న వెదురు రెండు కిలోమీటర్ల అవతల ఇంకొక అమ్మ ఇంటికి నిట్రాడ అయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు చెల్లీ, నిజం చెప్తున్నాను. కలిసి కొనడం అంటే నాలుగు డబ్బులు మిగిల్చే పని అనుకునేదాన్ని అప్పటిదాకా.

ధర సంగతి కూడా చెప్పాలి కదా. ముగ్గురం ఒకే నెలలో ముగ్గురు వేర్వేరు మనుషుల్లా అదే నలుగురు వ్యాపారుల దగ్గరకి పోతే వాళ్లకి అర్థమైపోతుంది, ఒకరు ఇచ్చిన రేటు ఇంకొకరికి చెప్పరు, మనల్ని మనకే పోటీ పెడతారు. మనం ధర పెంచితే నష్టం మనకే కాదు, శిబిరాల చుట్టుపక్కల ఉఖియాలోనో టెక్నాఫ్‌లోనో పాక వేసుకుందామనుకున్న ఊరివాడికి కూడా బొంగు ఖరీదైపోతుంది, శిబిరాల వల్ల మా బతుకు ఖరీదైందని అక్కడివాళ్లు అనేదాంట్లో నిజం ఉంది.

ఇక మీ సార్ చెప్పిన రూల్స్ విషయం. అన్ని ఐరాస సంస్థల కొనుగోలు రూల్స్‌కీ పునాది దాదాపు ఒకటే, పెట్టిన డబ్బుకి మంచి విలువ రావాలి, అందరికీ సమాన అవకాశం, దాపరికం లేకపోవడం, నిజమైన పోటీ, సంస్థ ప్రయోజనం. తేడాలన్నీ ఎంత మొత్తం దాటితే ఏ కమిటీకి వెళ్లాలి, ఏ ఫారం నింపాలి లాంటి వాటిల్లోనే. 2018లో సెక్రటరీ జనరల్ పిలుపు మీద చాలా సంస్థల అధిపతులు మ్యూచువల్ రికగ్నిషన్ అనే ప్రకటన మీద సంతకాలు పెట్టారు. దాని అర్థం ఏంటంటే ఒక సంస్థ తన రూల్స్ ప్రకారం సక్రమంగా చేసిన పనిని ఇంకో సంస్థ మళ్లీ మొదటినుంచీ చేయకుండా ఒప్పుకుని వాడుకోవచ్చు. మీ సంస్థ దాంట్లో ఉందో లేదో మీ హెడ్ ఆఫీసుని ఒక మెయిల్ రాసి అడుగు, ఉంటే ఆ జవాబు ప్రింట్ తీసి ఫైల్లో మొదటి కాగితంగా పెట్టు. ఆడిట్ వాళ్లు అడిగేది ఎందుకు వాళ్ల టెండర్ వాడుకున్నారని కాదు, వాడుకునే ముందు ఏం చూశారని. ధర ఇవాళ్టి మార్కెట్‌కి సరిపోతుందా, ఒప్పందం ఇంకా నడుస్తోందా, ఆ వ్యాపారికి మన లెక్క కూడా మోసే సత్తా ఉందా, ఈ మూడూ ఒక పేజీలో రాసి సంతకం చేయించుకుంటే చాలు.

మొదలుపెట్టడం టెండర్‌తో కాదు. చాలామంది అక్కడే బోర్లాపడతారు, పెద్ద మీటింగ్ పెట్టి ఉమ్మడి ఒప్పందం డ్రాఫ్ట్ చేయిస్తారు, అది లీగల్ వాళ్ల దగ్గర ఎనిమిది నెలలు ఉంటుంది, ఈలోగా వానలొస్తాయి. నువ్వు ఆ రెండు సంస్థల్లో నీలాంటి పని చేసేవాళ్లని, బాసుల్ని కాదు, టీకి పిలువు. వచ్చే ఆర్నెల్లలో ఎవరు ఏం కొనబోతున్నారో ఎక్కువ డబ్బు పోయే పది సరుకులు రాసుకుని రమ్మను. పక్కపక్కన పెట్టి చూడండి, ఆరో ఏడో కలుస్తాయి. తర్వాత ఒక్కో సరుకుకి ఎవరి కొలత ఏంటో చూడండి, ఆశ్చర్యపోతారు. టార్పాలినే తీసుకో, శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌ది 4 మీటర్లకి 5 మీటర్లు, రెడ్‌క్రాస్ వాళ్లది 4 మీటర్లకి 6. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి, కానీ శిబిరంలో గుడిసె కొలత మాత్రం రెండింటికీ అదే కదా. ఏ సరుకులో కొలత కలపొచ్చో, ఏదాంట్లో కలపలేమో ముందే తేల్చుకోవాలి, ఈ పని మీ షెల్టర్ ఇంజనీర్లది, వాళ్లని కూర్చోబెట్టకుండా కొనుగోలు వాళ్లం మనమే తేల్చేస్తే ఆ పుచ్చు వెదురు కథే మళ్లీ.

అదయ్యాక దారులు మూడు నాలుగు ఉన్నాయి. అన్నిటికంటే తేలికైంది, ఒక సంస్థకి ఆల్రెడీ ఎల్‌టీఏ ఉంటే, అంటే రెండు మూడేళ్లకి రేటు కట్టిపెట్టుకున్న దీర్ఘకాల ఒప్పందం, మిగతావాళ్లు దాని మీదే ఆర్డర్ ఇచ్చుకోవడం, దీన్నే అక్కడ పిగ్గీబ్యాక్ అంటారు. కానీ ఒక మెలిక ఉంది, టెండర్ పిలిచినప్పుడే "ఇతర ఐరాస సంస్థలు కూడా ఇదే ధరకి, ఇవే షరతులకి కొనుక్కోవచ్చు" అని ఒక వాక్యం ఉండాలి. ఆ ఒక్క వాక్యం మర్చిపోయి ఏడాది తర్వాత తల పట్టుకున్న ఆఫీసులు నాకు తెలుసు. కాబట్టి నీ తర్వాతి టెండర్‌లో, కలిసినా కలవకపోయినా, ఆ వాక్యం మాత్రం పెట్టెయ్.

రెండోది, ఒక సంస్థ ముందుండి టెండర్ పిలవడం, మిగతా రెండు సంస్థల వాళ్లు మూల్యాంకన కమిటీలో కూర్చోవడం. ఎవరు ముందుండాలి అంటే ఆ సరుకు ఎవరికి బాగా తెలుసో వాళ్లు, వెదురు ఒకరు, గ్యాస్ ఇంకొకరు, రవాణా వేరొకరు. అన్నీ ఒక్కరి నెత్తిన పెడితే రెండో ఏడాదికి వాళ్లు పారిపోతారు. ఒప్పందం ఉమ్మడిదే కానీ ఆర్డరూ బిల్లూ ఎవరివి వాళ్లవే, డబ్బు కలవదు, ఇది మీ ఫైనాన్స్ వాళ్లకి మొదటి రోజే చెప్పు, సగం గొడవ అక్కడే చల్లారుతుంది. ఇక ఒక సంస్థే ఇంకొకరి కోసం పూర్తిగా కొనిపెట్టే పద్ధతి కూడా ఉంది, దానికి సర్వీస్ చార్జీ ఉంటుంది, చిన్న ఆఫీసులకి అది బానే ఉంటుంది.

రెండు విషయాలు మాత్రం ఎవరూ రాయరు, నేను రాస్తాను. ఒకటి డెలివరీ. శిబిరాల్లో చాలాచోట్ల లారీ రోడ్డు దాకే, అక్కడి నుంచి కూలీల భుజాల మీదే. మీ పాయింట్ రోడ్డు పక్కన, వాళ్ల పాయింట్ గుట్ట మీద, ఒకే రేటు అంటే వ్యాపారి గుట్ట మీద సంస్థకి ఎప్పుడూ ఆఖర్న దించుతాడు. పాయింట్ల వారీగా రేటు అడగండి. రెండోది పేమెంట్. ఒకరు నెలలో కడతారు, ఇంకొకరు మూడు నెలలకి, వ్యాపారి ఆ ఆలస్యాన్ని ముగ్గురి రేటులోనూ కలిపేస్తాడు, అప్పుడు సరిగ్గా కట్టేవాళ్లకి ఒళ్లు మండి బయటికి వెళ్లిపోతారు. ఉమ్మడి కొనుగోళ్లు చెడేది రూల్స్ తేడాల వల్ల కంటే ఇలాంటి వాటివల్లే ఎక్కువ.

ఇది అయ్యే పనేనా అని మీ సార్ మళ్లీ అడిగితే ఆయన కిటికీలోంచి కనిపించేదే చూపించు. 2018 వానలకి ముందు వలసల సంస్థ ఐఓఎం, యూఎన్‌హెచ్‌సీఆర్, ప్రపంచ ఆహార కార్యక్రమం డబ్ల్యూఎఫ్‌పీ, ఈ మూడూ కలిసి శిబిరాల్లో రోడ్లూ కాల్వలూ చూసుకునే ఒకే ఇంజనీరింగ్ ప్రాజెక్టు పెట్టుకున్నాయి, ఎస్‌ఎంఈపీ అని దాని పేరు. కొండచరియ విరిగి రోడ్డు మీద పడితే ఇది ఎవరి ఏరియా అని చూడకుండా దగ్గరున్న మెషీన్ వెళ్లేది. వంటగ్యాస్ కూడా అంతే. అప్పటిదాకా జనం పొయ్యిలోకి పుల్లల కోసం అడవిలోకి పోయి కొండలన్నీ బోడి చేసేశారు, పోయిన ఆడపిల్లలకి భద్రత లేదు. 2018లో ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ, ఐఓఎం, డబ్ల్యూఎఫ్‌పీ కలిసి గ్యాస్ ఇవ్వడం, చెట్లు నాటడం ఒకే కార్యక్రమం కింద పెట్టాయి, తర్వాత యూఎన్‌హెచ్‌సీఆర్ కూడా చేరింది. ఆలోచించు, ఎవరికి తోచిన బండ వాళ్లు కొని ఉంటే, ఈ బ్లాకు రెగ్యులేటర్ ఆ బ్లాకు బండకి పట్టకపోతే, ఇల్లు మారిన ప్రతి కుటుంబం ఏం చేసేది?

ఒప్పందం ముందే చేతిలో ఉంటే ఎంత నయమో చెప్పడానికి ఇంకో తేదీ చాలు. 2021 మార్చి 22న బలూఖాలీ శిబిరం వైపు మంట అంటుకుని దాదాపు 10,000 గుడిసెలు బూడిదయ్యాయి, 45,000 మంది దాకా రోడ్డున పడ్డారు. అలాంటి రోజు సాయంత్రం ఎవరూ టెండర్ పిలవలేరమ్మా.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఆడిటర్‌ని. అందరూ కలిసి ఒకే టెండర్ పెడితే పెద్ద కాంట్రాక్టర్ ఒక్కడే మొత్తం పట్టుకుపోతాడు కదా, ఊళ్లో చిన్న వ్యాపారి గతేంటి? పైగా ఆ ఒక్కడు చేతులెత్తేస్తే అందరూ మునుగుతారు.

జవాబు: మీరు అడిగింది నూటికి నూరుపాళ్లు నిజమైన భయం అండీ, దీన్ని తీసిపారేసేవాళ్లతో నేను చాలాసార్లు గొడవపడ్డాను. ఉమ్మడిగా కొనడం అంటే ఒక్కడి దగ్గరే కొనడం అని ఎక్కడా లేదు. అవసరాలు కలపాలి, సరఫరా మాత్రం విడగొట్టాలి. మొత్తం వెదురుని శిబిరాల వారీగానో సైజు వారీగానో చిన్న లాట్లుగా చేసి, ఒక్కో లాటుకి ఇద్దరు ముగ్గురితో ఒప్పందం పెట్టుకుంటే, ఒకడు ఆగిపోయినా రెండోవాడు ఉంటాడు. డిపాజిట్ మొత్తం తగ్గించాలి, టెండర్ కాగితం బంగ్లాలో కూడా ఉండాలి, బిడ్‌కి ముందు మీటింగ్ ఢాకాలో ఏసీ హోటల్లో కాకుండా ఉఖియాలో పెట్టాలి. ఇవి చేస్తే ఊరివాళ్లు వస్తారు, నేను చూశాను, లుంగీతోనే వచ్చి మొదటి వరసలో కూర్చుని మా ఇంజనీర్‌కి తెలియని సంగతులు చెప్పినవాళ్లున్నారు. బొరాక్ అనే లావు వెదురు నిట్రాళ్లకి, మూలీ అనే సన్నది తడికెలకి, రెండూ ఒకే లాటులో కలిపి అడగడం తప్పు, వేరే వేరే చోట్ల పెరుగుతాయి, వేరే వేరే వాళ్లు తెస్తారు అని మాకు చెప్పింది ఒక చిన్న వ్యాపారే.

మీ వృత్తికి సంబంధించిన లాభం ఒకటి కూడా ఉంది. ముగ్గురి ఫైళ్లు పక్కపక్కన పెడితే కుమ్మక్కు బయటపడుతుంది. ఒక సంస్థకి వచ్చిన మూడు కొటేషన్లు వేర్వేరు షాపులవే, కానీ రెండో సంస్థ ఫైల్లో ఆ మూడింట్లో రెండింటికి ఫోన్ నంబర్ ఒకటే. ఎవరి కుంపటి వాళ్లు పెట్టుకున్నంత కాలం ఇది ఎవరికీ కనపడదు.

అన్నీ కలిపి కొనాలని మాత్రం నేననను. కూరగాయలూ చేపలూ కలిపి టెండర్ పెట్టడం శుద్ధ దండగ, అక్కడ డబ్ల్యూఎఫ్‌పీ వాళ్లు కుటుంబాలకి ఈ-వోచర్ కార్డు ఇచ్చి దుకాణంలో కావాల్సింది తీసుకోమంటారు, అదే మంచిది. ఒక్కసారి కొని వదిలేసే చిన్నా చితకా వాటికి కూడా ఇంత హడావుడి అక్కర్లేదు.

ప్రశ్న: అమ్మా, మాది చిన్న టార్పాలిన్ యూనిట్, పద్దెనిమిది మంది పనివాళ్లు. ఐక్యరాజ్యసమితికి సప్లై చేయిస్తాను, రిజిస్ట్రేషన్‌కి నలభై వేలు కట్టమని ఒకాయన తిరుగుతున్నాడు. కట్టొచ్చా?

జవాబు: కట్టొద్దు బాబూ, ఒక్క రూపాయి కూడా. ఐరాస సంస్థలకి అమ్మాలనుకునేవాళ్లు రిజిస్టర్ అయ్యే చోటు ఒకటే, యునైటెడ్ నేషన్స్ గ్లోబల్ మార్కెట్‌ప్లేస్, యూఎన్‌జీఎం అంటారు, దాంట్లో నమోదు ఉచితం. సంస్థలన్నీ వెండర్ల విషయంలో ముందు నుంచీ కలిసి చేస్తున్న పని ఇదే, ఒక్కసారి నింపితే అన్నిటికీ కనపడతావు. డబ్బు అడిగాడంటే అతను ఐరాస మనిషి కాదు, అంతే. మీ అబ్బాయో అమ్మాయో ఇంగ్లిష్‌లో ఫారం నింపగలిగితే ఒక సాయంత్రం పని. సరుకు కోడ్ జాగ్రత్తగా ఎంచుకోవాలి, తప్పు కోడ్ పెడితే నీకు సంబంధించిన టెండర్ నోటీసు నీకు రాదు.

రిజిస్టర్ అయితే ఆర్డర్ వచ్చినట్టు కాదు, అది కూడా ముందే చెప్పాలి నీకు. రిలీఫ్ టార్పాలిన్ అంటే మన ధాన్యం కళ్లాల మీద కప్పే రకం కాదు, మధ్యలో హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ నేత, రెండు వైపులా లామినేషన్, ఎండకి చిట్లకుండా యూవీ రక్షణ, అంచులకి బలమైన పట్టీలు, కన్నాలు ఎంత దూరానికి ఒకటి ఉండాలో కూడా లెక్క ఉంటుంది, ల్యాబ్‌లో లాగి చింపి చూస్తారు. పద్దెనిమిది మంది యూనిట్ నేరుగా ఒక దేశానికి సరిపడా ఆర్డర్ మోయలేదు. కానీ ఉమ్మడి టెండర్లలో చిన్న లాట్లు వస్తుంటాయి, లేదా మనదేశంలోనే ఆల్రెడీ సప్లై చేస్తున్న పెద్ద కంపెనీకి జాబ్‌వర్క్ చేస్తూ ఆ క్వాలిటీ చేయి తిరగొచ్చు. ఐరాసకి అమ్మే దేశాల్లో ఇండియా ఏటా ముందు వరుసలోనే ఉంటుంది, 2020లో ఐరాస వ్యవస్థ మొత్తం కొన్నది 22.3 బిలియన్ డాలర్ల సరుకులూ సేవలూ. ముందు ఆ స్పెసిఫికేషన్ కాగితం తెప్పించుకుని నీ షీటు ఒకటి ల్యాబ్‌లో టెస్ట్ చేయించు, ఆ నలభై వేలల్లో కొంత దానికి పెట్టు.

నర్సింగ్ చదివే ఒక అమ్మాయి వరంగల్ నుంచి ఇదే సందర్భంలో టీకాల గురించి అడిగింది, దానికీ ఇక్కడే రెండు మాటలు. కలిసి కొనడంలో అందరికంటే ముందు నడిచింది టీకాల వాళ్లే. అమెరికా ఖండాల ఆరోగ్య సంస్థ పాహో 1977లో రివాల్వింగ్ ఫండ్ తీర్మానం చేసి 1979 నుంచి నడుపుతోంది, చిన్న దీవి దేశమైనా బ్రెజిల్ అయినా టీకా ఒకే ధరకి. యూనిసెఫ్ కోపెన్‌హేగన్ నుంచి ఎన్నో దేశాల లెక్కలు కలిపి కొంటుంది, 2016లో అయిదు రోగాలకి కలిపి ఇచ్చే పెంటావలెంట్ టీకాకి మూడేళ్ల అవసరం ఒకేసారి చెప్పి పిలిస్తే సగటు డోసు ధర 84 సెంట్లకి, అంటే దాదాపు సగానికి దిగింది. యూనిసెఫ్‌కి ఆ టీకా సప్లై చేసేవాళ్లలో మన హైదరాబాద్ బయలాజికల్ ఈ కూడా ఉంది. ఇంకోటి నాకు చాలా ఇష్టమైన సంగతి. 2019 నవంబర్‌లో పాకిస్తాన్ సింధ్ ప్రాంతంలో మందులకి లొంగని టైఫాయిడ్ ప్రబలుతున్నప్పుడు కొత్త టైఫాయిడ్ టీకా మొదలుపెట్టింది, ఆ టీకా తయారైంది హైదరాబాద్ భారత్ బయోటెక్‌లో. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోకపోయినా అంతర్జాతీయ సంస్థల ఉమ్మడి కొనుగోలు వల్ల మన ఊరి సీసా కరాచీ పిల్లల దాకా వెళ్లింది.

ప్రశ్న: అమ్మాయీ, నేను రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగిని, వయసు 78. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన తర్వాత అవనిగడ్డ వైపు డ్యూటీ చేశాను. రోడ్డు పక్క ఊళ్లకి దుప్పట్ల మీద దుప్పట్లు, లోపలి పల్లెలకి ఏమీ లేదు. పుణ్యానికి తెచ్చినవాళ్లని ఏమీ అనలేం. ఇప్పటికైనా మారిందా?

జవాబు: బాబాయిగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొంత మారిందండీ. అంతా మారలేదు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత కూడా మీరు చెప్పినదే జరిగింది, శ్రీలంకలో పడవలు పోయిన జాలర్లకి అందరూ పడవలే ఇచ్చారు, కొన్నిచోట్ల పోయినవాటికంటే ఎక్కువ, వాటిల్లో ఎన్నో సముద్రం మీదకి పనికిరానివి, ఇంకోచోట వలకి దిక్కు లేదు. ఆ దెబ్బ తగిలాకే 2005లో క్లస్టర్ పద్ధతి పెట్టారు, అంటే గుడిసెల పని చేసేవాళ్లంతా ఒక బల్ల దగ్గర, నీళ్ల పనివాళ్లు ఒక బల్ల దగ్గర, రవాణా గోడౌన్ల బల్ల డబ్ల్యూఎఫ్‌పీ చూస్తుంది. ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు అని ఒక పెద్ద పట్టిక నింపుతారు, ఖాళీ గడి కనిపిస్తే ఆ ఊరికి ఎవరూ వెళ్లలేదని అర్థం. మీ రోజుల్లో మీరు జీపులో తిరిగి నోటుబుక్కులో రాసుకున్నదే ఇది, బహుశా మీది ఇంకా కచ్చితంగా ఉండేది, మీకు పల్లెల పేర్లు తెలుసు కాబట్టి.

సామాను ముందే ఒకచోట పెట్టుకోవడం కూడా మొదలైంది. ఇటలీలో బ్రిండిసి అనే ఊళ్లో 2000లో పెట్టిన డిపోలో ఐరాస సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ తమ సామాను ఒకే కప్పు కింద దాచుకుంటాయి, తర్వాత దుబాయ్, అక్రా, పనామా, మలేసియాల్లో కూడా వచ్చాయి. ఒకరికి కంబళ్లు చాలకపోతే పక్కవారి స్టాకులోంచి తీసుకుని తర్వాత తిరిగి పెట్టేస్తారు, మన ఇళ్లల్లో చక్కెర బదులు తెచ్చుకున్నట్టే.

నేపాల్ సంగతి మీకు నచ్చుతుంది. భూకంపం వస్తే ఖాట్మండు ఎయిర్‌పోర్టులో దిగిన సామాను ఎక్కడ పెడతాం అని కొందరు ముందే ఆలోచించి, రన్‌వే పక్కన అందరికీ కలిపి ఒక సామాన్ల యార్డు కట్టించారు. అది 2015 మార్చిలో పూర్తయింది. భూకంపం ఏప్రిల్ 25న వచ్చింది. ఆ మధ్యాహ్నం దాటాక విమానాలు వరసగా దిగడం మొదలైనప్పుడు ఏ సంస్థ పెట్టె అయినా దించడానికి అక్కడ చోటుంది.

మీ దగ్గర ఆ నోటుబుక్కు ఇంకా ఉంటే నాకు ఫోటో తీయించి పంపండి బాబాయిగారూ. కాక్స్‌బజార్‌లో ఉన్న మన విజయనగరం అమ్మాయికి కూడా పంపిస్తాను, మీరు కాలమ్స్ ఎలా గీసుకున్నారో చూస్తుంది.